నేతిబీర: రెండు కాయలు తీగకే వదలండి

‘నేతిబీరలో నెయ్యెంత?’ అని ఎగతాళి చేస్తాం. నెయ్యి లేకపోతేనేం, పెరట్లో ఒక్క పాదుంటే కూర, పీచు, విత్తనం మూడూ దక్కుతాయి. రంగసముద్రం చెరువున్న శ్రీరంగాపూర్ ప్రాంత రైతులు తొలకరికి గానీ, నీటి వసతి ఉంటే జనవరి, ఫిబ్రవరిలో గానీ పెట్టుకోవచ్చు.

గింజలు రాత్రంతా నానబెట్టండి. మాగిన పెంట ఎరువు కలిపిన పాదులో అంగుళం లోతున నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైన రెండు మొక్కలుంచండి. తీగను పందిరికెక్కించండి.

మొదట మగపూలే ఎక్కువ వస్తాయి. కాపు లేదని తీగ పీకెయ్యకండి. ఆడపూవు అడుగున చిన్న పిందె ఉంటుంది. పూలు పొద్దున విచ్చుకుంటాయి. ఆ వేళ మందు కొడితే తేనెటీగలు చస్తాయి, పిందె నిలవదు. పండు ఈగ కుట్టి రాలిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టండి.

కూరకు లేత కాయలే కోయండి. చేదున్న కాయను తినొద్దు, పారేయండి.

మంచి కాయలు రెండు తీగకే వదలండి. ఎండి, ఊపితే గింజలు గలగలమన్నప్పుడు కోయండి. కొన విరిచి గింజలు దులిపి, కాయను నీళ్లలో నానబెట్టి తొక్క తీస్తే పీచు తయారు. ఒళ్లు రుద్దుకోవచ్చు, గిన్నెలు తోముకోవచ్చు.

గింజలు మాత్రం నాటు రకానివే దాచండి. హైబ్రిడ్ గింజ మళ్లీ అదే కాపు ఇవ్వదు. నాటు గింజ ఇంట్లో ఉంటే వచ్చే ఏడు ప్యాకెట్ కొనే పని లేదు.