పద్దెనిమిదేండ్లు నిండిన మరునాడు

మన ఇండ్లలో పిల్లవానికి పద్దెనిమిదేండ్లు నిండితే పాయసము వండుకొంటాము. బాలల గృహములలో పెరిగిన పిల్లలకు మాత్రము ఆ తేదీ దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టదు. చట్టము లెక్కలో ఆ రోజుతో వారు బాలలు కారు. వారి మంచము మరొక పసివానికి కావాలి. ఈ సంగతి మాకు చాలాకాలము తెలియలేదంటే సిగ్గుగానే ఉన్నది.

కొన్నేండ్ల క్రితము అలాంటి గృహము నుండి బయటికి వచ్చిన ఒక అబ్బాయిని మా సంఘమంతా కలిసి సాగనంపాము. ప్రార్థన చేసి, ఒక రేకుపెట్టె, రెండు జతల బట్టలు, కొంత డబ్బు చేతిలో పెట్టాము. మంచి పని చేశామన్న తృప్తితో ఇండ్లకు వెళ్ళాము. ఏడు నెలల తరువాత మా సంఘపెద్ద ఒకరు అతనిని బస్టాండులో పడుకొని ఉండగా చూచి వెంటబెట్టుకొని వచ్చారు. తాగుడు లేదు, చెడు సావాసము లేదు. కామెర్లు వచ్చి పదిహేను రోజులు పనికి పోలేదు, పని పోయింది. అద్దె కట్టలేదు; గది పోయింది. అంతే.

“మేమున్నాము కదా బాబూ, ఎందుకు రాలేదు?” అని అడిగాము.

“మీరందరూ సాగనంపారు కదండీ. మళ్ళీ రావచ్చో లేదో తెలియలేదు” అన్నాడు.

ఆ రాత్రి మాలో చాలామందికి అన్నము సహించలేదు. మన పిల్లలు ఉద్యోగము పోతే తిన్నగా ఇంటికి వస్తారు. అతనికి ఆ తిరిగివచ్చే దారి లేకుండా చేసింది మేమే.

మందిరము వెనుక వీధిలో రెండు గదుల ఇల్లు చూచాము. ఇల్లు దొరకడమే గండమైంది. “కుర్రాళ్ళది ఏ ఊరు? తల్లిదండ్రులెవరు? ఏ కులము?” వీటికి జవాబు చెప్పలేని పిల్లలకు అద్దెకిచ్చేదెవరు? చివరకు సంఘపెద్ద తన పేరున కాగితము వ్రాసి ఇచ్చారు. నలుగురు అబ్బాయిలు చేరారు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న విషయముపై కమిటీలో రెండు వారాలు వాదించుకొన్నాము. రాత్రి ఎనిమిదింటికి గేటు మూయాలని కొందరన్నారు. మా అయ్యగారు ఒక్కటే అడిగారు: “ఇన్నాళ్ళూ వారున్నది గేటు లోపలే గదా, అక్కడ నేర్వనిది ఇక్కడ ఎలా నేర్చుకొంటారు?” నలుగురికీ నాలుగు తాళంచెవులు చేయించాము.

వందమందికి వండిన అన్నము తిని పెరిగినవారికి నలుగురికి ఎన్ని గ్లాసుల బియ్యము పోయాలో తెలియదు. మొదటి వారము ఎదురింటి అమ్మగారి కోళ్ళకు పండుగే. గంట కొడితే లేచే అలవాటు. ఇక్కడ గంట లేక ఒకడు మూడు రోజులు పనికి ఆలస్యమయ్యాడు. ఇంకొకడు మొదటి జీతమంతా సెల్‌ఫోనుకు పోసి, నెలంతా మిగతావారి దగ్గర చేయి చాచాడు. మాలో కొందరు కోపగించారు. మన కొడుకులు చేయని పనా అది? మూడు నెలలు అద్దె అడగలేదు. నాలుగవ నెల నుండి కొద్దికొద్దిగా వారి వంతు పెంచాము. జ్వరము వస్తే ఏ ఇంటి తలుపు తట్టాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కుటుంబమును చూపించాము. మా లెక్కలో అద్దెకన్న అదే ముఖ్యము.

ఇది మేము కనిపెట్టినదేమీ కాదు. జార్జి ముల్లరు గారి రొట్టెలు, పాల కథ మనమంతా విన్నదే. ఆయన తన గృహములలోని మగపిల్లలను పని నేర్పే యజమాని దగ్గర కుదిర్చి పంపేవారన్న సంగతి మనలో ఎవరము పట్టించుకొన్నాము?

మన దేశములోనూ 2015 నాటి బాలల న్యాయ చట్టము, గృహము విడిచిన వారికి 21 ఏండ్ల వరకు అనంతర సంరక్షణ ఇవ్వవచ్చునన్నది. 2016 నాటి నమూనా నియమాలలో ఆరుగురి నుండి ఎనిమిదిమంది కలిసి ఉండే తాత్కాలిక వసతి ప్రస్తావన కూడ ఉన్నది. 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు నెలకు 4,000 రూపాయల సహాయము చూపాయి. మీ ఎరుకలో అలాంటి బిడ్డ ఉంటే పద్దెనిమిది నిండకముందే జిల్లా బాలల పరిరక్షణ విభాగములో అడగండి. ఆధార్, బ్యాంకు ఖాతా, చదువు పత్రాలు ఆ బిడ్డ చేతికి వచ్చాయో లేదో చూడండి. చాలాచోట్ల అవి గృహము బీరువాలోనే ఉండిపోతాయి.

ఆడపిల్లల సంగతి వ్రాయడానికి మాకు ముఖము లేదు. “సంబంధము చూచి పంపివేద్దాము” అన్నదే ఇంకా మా సంఘములో వినిపించే జవాబు. వారికొక ఇల్లు చూడాలని స్త్రీల సమాజము ఈ మధ్య పట్టుబట్టింది. డబ్బు ఇంకా పోగవలేదు.

బస్టాండు నుండి వచ్చిన అబ్బాయి వైరింగు పని నేర్చుకొని, కిందటి నెల వేరే గది తీసికొన్నాడు. వెళ్ళేటప్పుడు తాళంచెవి తిరిగి ఇవ్వబోతే, ఉంచుకొమ్మన్నాము. రెండవ ఆదివారము భోజనమునకు వచ్చాడు. వచ్చీరాగానే వంటగదిలో వదులైన స్విచ్చి చూచి, మిగతా ముగ్గురినీ కేకలేశాడు.