ముక్కు విరిగినప్పుడు ముందు చూడవలసింది దూలాన్నే

ముఖంలోని ఎముకలలో అన్నిటికంటే తరచుగా విరిగేవి నాసాస్థులు, అంటే రెండు కళ్ల నడుమ నుంచి కిందికి జంటగా అమరిన పలుచని చిన్న ఎముకలు. వాటికి దిగువన ఉన్న ముక్కు చాలావరకు మృదులాస్థితో, అనగా కొంతమేర వంగగలిగే మెత్తటి ఎముకవంటి కణజాలంతో ఏర్పడింది. కొరాపుట్ నుంచి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరుకు దిగే ఘాట్ రోడ్డు వంటి దారులలో బండి జారి ముఖానికి దెబ్బ తగిలితే, ఆసుపత్రి చేరేలోపు చేయవలసినది పక్కనున్నవారే చేయాలి.

గాయపడిన వ్యక్తిని కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, ముక్కు దిగువనున్న మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలపాటు వదలకుండా నొక్కిపట్టి, నోటితో శ్వాస తీసుకోమనాలి. తల వెనక్కి వాల్చితే రక్తం గొంతులోకి జారి వాంతి కలిగిస్తుంది. గుడ్డలో చుట్టిన మంచుముక్కలను పైన ఉంచితే వాపు తగ్గుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది.

వంకరపోయిన ముక్కును అక్కడికక్కడే చేత్తో సరిచేయడానికి ఎవరూ పూనుకోరాదు. అణగిన ముక్కును శలాకతో నిటారు చేసి, శ్వాస ఆడేందుకు రెండు రంధ్రాలలోనూ గొట్టాలు అమర్చి, గుడ్డతో కట్టాలని సుశ్రుత సంహిత చెప్పింది. అంత ప్రాచీన కాలంలోనే అది సాధనాలతో నేర్పరి చేయవలసిన పనిగా గుర్తింపు పొందడం గమనార్హం.

పైకి కనిపించే వంకర కంటే లోపలి వాపు ఎక్కువ ప్రమాదకరం. రెండు రంధ్రాలను వేరుచేసే దూలంలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. దానిని కప్పి ఉన్న పొర నుంచే అది పోషణ పొందుతుంది. దెబ్బవల్ల ఆ పొరకూ మృదులాస్థికీ మధ్య రక్తం చేరి గడ్డకడితే పోషణ ఆగిపోయి, కొద్ది రోజులలోనే మృదులాస్థి చచ్చుబడవచ్చు, చీము పట్టవచ్చు, చివరికి ముక్కు మధ్యభాగం కుంగిపోవచ్చు. ముక్కు పూర్తిగా మూసుకుపోవడం, లోపల ఎర్రగానో నీలంగానో మెత్తటి ఉబ్బు కనిపించడం దీని గుర్తులు; పిల్లలలో ఇది చిన్న దెబ్బకే రావచ్చు. ఆ రక్తాన్ని వీలైనంత త్వరగా, ఒక్క రోజులోపే తీసివేయాలి.

మెరుగైన వైద్యం కోసం విశాఖపట్నం వెళ్లాలనుకునే కుటుంబాలు కూడా, ఆ ప్రయాణానికి ముందే రాయగడ జిల్లా ఆసుపత్రిలోనో, కొరాపుట్‌లో 2017లో మొదలైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో, లేదా అందుబాటులో ఉన్న ఏ వైద్యునిచేతనైనా దూలాన్ని పరీక్షింపజేసుకోవడం అవసరం. ఈ పరీక్షకు వెలుతురు, తెలిసిన కన్ను ఉంటే చాలు. ఎముకను సరిచేయడానికి మాత్రం కొంత వ్యవధి ఉంటుంది. వాపు తగ్గాక, మూడు నుంచి అయిదు రోజులకు వైద్యుడు మళ్లీ చూసి, వంకర ఉంటే సాధారణంగా రెండు వారాలలోపు, ఎముకలు త్వరగా అతుక్కునే పిల్లలలో వారంలోపే, మత్తు ఇచ్చి సరిచేస్తాడు. గడువు దాటితే నెలల తరువాత శస్త్రచికిత్స అవసరం కావచ్చు. మామూలు ముక్కు దెబ్బకు ఎక్స్‌రే వల్ల అంత ప్రయోజనం ఉండదు.

ముక్కు నుంచి నీళ్లవంటి ద్రవం కారినా, స్పృహ తప్పినా, చూపు మసకబారినా, మెడ నొప్పి ఉన్నా, నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.