మలుపుల్లో ద్విచక్ర వాహనం – ‘అదుపు తప్పి’ అనే మాట వెనుక

(ప్రత్యేక వ్యాసం)

‘మలుపు వద్ద ద్విచక్ర వాహనం అదుపు తప్పి యువకుడి దుర్మరణం’ – జిల్లా పత్రికలు చదివేవారికి ఈ శీర్షిక కొత్తది కాదు. పోలీసు స్టేషను నుంచి అందే సమాచారంలోనూ, విలేకరి పంపే వార్తలోనూ, ఆ మాటకొస్తే సమాచార శాఖ విడుదల చేసే ప్రకటనలోనూ ‘అదుపు తప్పి’ అనే మాట ప్రమాద కారణంగా చలామణి అవుతున్నది. నిజానికి అది కారణం కాదు, ఫలితం. అదుపు ఎందుకు తప్పింది, ఏ క్షణంలో తప్పింది అన్న ప్రశ్నలు ఆ ఒక్క మాట చాటున మరుగున పడిపోతున్నాయి.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది, అంటే 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. వీరందరూ మలుపుల్లోనే మరణించారని కాదు. అయితే వాహనాన్ని తిప్పడం, నెమ్మదిగా నడపడం, సరైన చోట వేగం తగ్గించడం అనే మూడు నైపుణ్యాలను మన చోదకులలో అత్యధికులు ఎవరి వద్దా నేర్చుకోలేదన్నది కాదనలేని సంగతి. అన్నయ్య వెనుక నుంచి సీటు పట్టుకుని నాలుగు రోజులు పరుగెత్తితే ఐదో రోజుకు బండి వచ్చేసినట్లే భావించడం మన ఇళ్లలో ఆనవాయితీ.

ఇది మన దేశానికే పరిమితమైన అలవాటు కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900కు పైగా మోటారు సైకిల్ ప్రమాదాలను క్షుణ్ణంగా పరిశీలించి 1981లో నివేదిక సమర్పించింది. ప్రమాదానికి లోనైన చోదకులలో 92 శాతం మంది తమంతట తాముగానో, బంధుమిత్రుల వద్దనో నేర్చుకున్నవారేనని ఆ నివేదిక వెల్లడించింది. ఆపద ఎదురైనప్పుడు వారిలో ఎక్కువ మంది వెనుక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జారవిడిచారు, ముందు బ్రేకును తగినంతగా వాడలేదు. వాహనాన్ని చటుక్కున పక్కకు తప్పించగల నేర్పు దాదాపు కనిపించలేదు. అక్కడి రోడ్లు వేరు, వాహనాలు వేరు. అయినా మన రోడ్లపై బ్రేకు గుర్తులను చూసిన అధికారులకు ఆ వర్ణన పరాయిదిగా తోచదు.

మలుపులో ద్విచక్ర వాహనం లోపలి వైపుకు ఒరగక తప్పదు. ఎంత ఒరగాలన్నది వేగంపైనా, మలుపు వ్యాసార్థంపైనా ఆధారపడి ఉంటుంది. ఘాట్ రోడ్డులో సుమారు 15 మీటర్ల వ్యాసార్థం గల హెయిర్‌పిన్ మలుపును ఉదాహరణగా తీసుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే వాహనం సుమారు 12 డిగ్రీలు ఒరిగితే చాలు. 30 కిలోమీటర్లకు అది 25 డిగ్రీలు అవుతుంది. 40 కిలోమీటర్లకు ఏకంగా 40 డిగ్రీలు కావాలి. ఎండిన మంచి తారు రోడ్డుపై సాధారణ టైరు పట్టు దాదాపు అక్కడితో సరి. చాలా వాహనాలకు ఆ సరికి ఫుట్‌రెస్టు నేలను తాకుతుంది. వేగం రెట్టింపైతే వాహనాన్ని మలుపులో నిలిపి ఉంచడానికి కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. భౌతికశాస్త్రం చదువుకోని ఈ వ్యాసకర్తకు ఈ లెక్క యాభయ్యో పడిలో గాని బోధపడలేదు. ‘నలభైలోనే వెళ్తున్నాను కదా’ అనే చోదకుని మాట తిన్నని రోడ్డుపై వివేకమే కావచ్చు గాని, హెయిర్‌పిన్ మలుపులో అది దుస్సాహసం.

టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. దానిని వాహనం తిరగడానికైనా వాడుకోవాలి, ఆగడానికైనా వాడుకోవాలి. తిరగడానికే పట్టు మొత్తం ఖర్చవుతున్న వేళ బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. అందువల్ల వేగం తగ్గించే పని మలుపు మొదలు కాకముందే, వాహనం నిటారుగా ఉండగానే పూర్తి కావాలి. గేరు మార్చడం కూడా అక్కడే ముగియాలి. మలుపులో యాక్సిలరేటరును స్థిరంగా ఉంచి, చివర కనిపించిన తర్వాతనే కొద్దికొద్దిగా పెంచాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీకి మించిన కొత్త మోటారు సైకిళ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయినందున ఇక భయం లేదని కొందరు భావిస్తున్నారు. చక్రం బిగుసుకుపోకుండా చూడడం ఆ పరికరం పని. బాగా ఒరిగి ఉన్న వాహనానికి సాధారణ ఏబీఎస్ అదే స్థాయి రక్షణ ఇవ్వజాలదు.

మలుపులోకి వెళ్లాక వేగం ఎక్కువైందని తెలిస్తే ఏం చేయాలి? భయపడిన చోదకుడు లోయ వైపు, రక్షణ గోడ వైపు చూస్తాడు. చూపు ఎటుంటే వాహనం అటే సాగుతుంది. దృష్టిని బలవంతంగానైనా మలుపు చివరకు మళ్లించి, వాహనాన్ని మరికొంత ఒరిగించడమే చాలా సందర్భాలలో తప్పించుకునే మార్గం. తాను అనుకున్నదానికంటే వాహనం మరికాస్త ఒరగగలదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఒరిగించడం ఎలా అన్నదానిలో ఒక విచిత్రం ఉన్నది. నడక వేగంలో ఎడమకు తిరగాలంటే హ్యాండిల్‌ను ఎడమకే తిప్పుతాము. వేగం కాస్త పుంజుకున్న తర్వాత మాత్రం ఎడమ చేతి పిడిని ముందుకు నెట్టాలి. చక్రం క్షణకాలం కుడికి మళ్లుతుంది, వాహనం ఎడమకు ఒరుగుతుంది, ఆపై ఎడమకు తిరుగుతుంది. విమానం సృష్టికర్తలలో ఒకరైన విల్బర్ రైట్ సైకిళ్ల వ్యాపారి కూడా. ఎడమకు తిరిగేటప్పుడు ఏం చేస్తారని ఆయన ఎందరో సైకిల్ చోదకులను అడిగితే, దాదాపు అందరూ హ్యాండిల్‌ను ఎడమకు తిప్పుతామనే చెప్పారట. చేతులు చేస్తున్న పని మనసుకు తెలియదు. మామూలు ప్రయాణంలో ఆ తెలియనితనం వల్ల నష్టం లేదు. ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు మాత్రం, మనసు చెప్పినట్లు హ్యాండిల్‌ను తిప్పబోయిన చోదకుడు తడబడతాడు.

మన ఘాట్ రోడ్లకు సంబంధించి మరికొన్ని అంశాలు చెప్పుకోవలసి ఉన్నది. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవ ఘాట్ రోడ్డు అందుబాటులోకి వచ్చాక ఎక్కే వాహనాలు, దిగే వాహనాలు వేర్వేరు దారుల్లో సాగుతున్నాయి. అరకు, పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలం మార్గాల్లో ఈ సౌలభ్యం లేదు. అక్కడ ప్రతి మలుపులోనూ ఎదుటి నుంచి బస్సో లారీయో వస్తుందనే భావించి నడపాలి. పెద్ద వాహనం హెయిర్‌పిన్ మలుపులో రోడ్డు మొత్తాన్ని ఆక్రమిస్తుంది. అది చోదకుని దౌర్జన్యం కాదు, దాని పొడవుకు మరో దారి లేదు. మలుపుకు ముందే ఆగి దానిని పోనివ్వడం ఉత్తమం. కుడి మలుపుల్లో మరొక ప్రమాదం పొంచి ఉన్నది. చక్రాలు మధ్య గీతకు ఇవతలే ఉన్నా, కుడికి ఒరిగిన చోదకుని తల, భుజం గీతకు అవతలికి చేరుతాయి. కాబట్టి కుడి మలుపులో రోడ్డు ఎడమ భాగంలోనే, అయితే అంచున ఉండే ఇసుకను తాకకుండా సాగాలి.

దిగుడులో పెట్రోలు ఆదా అవుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో వాహనాన్ని జారవిడిచే అలవాటు మన్యంలోనూ, మైదానంలోనూ కనిపిస్తుంది. గేరులో ఉన్న ఇంజనే దిగుడులో మొదటి బ్రేకు. అది లేనప్పుడు భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు సడలుతుంది. గేర్లు లేని స్కూటర్లలో వేగం బాగా తగ్గినప్పుడు ఇంజను ఆసరా చక్రానికి అందదు కాబట్టి, వాటిని నడిపేవారు మధ్యమధ్య ఆగి బ్రేకులను చల్లారనివ్వడం అవసరం. మైదాన ప్రాంతపు మలుపులకు వేరే శత్రువులు ఉన్నారు. కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన ధాన్యం, పరిచిన గడ్డి, ట్రాక్టర్ల నుంచి జారిన ఇసుక, తొలకరి వానకు తేలిన చమురు – వీటిపై పట్టు ఎంతవరకు తగ్గుతుందో ముందుగా లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు.

ఇక నెమ్మదిగా నడపడం. ఇది తేలికైన పనిగా కనిపిస్తుంది గాని, అనుభవజ్ఞులను సైతం తికమకపెట్టేది ఇదే. వేగంగా వెళ్లే వాహనం తనంతట తాను నిలదొక్కుకుంటుంది. నడక వేగంలో దానిని నిలబెట్టవలసినది చోదకుడే. జపాన్‌లో లైసెన్సు పరీక్షకు 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల సన్నని దిమ్మెపై వాహనాన్ని నడపాలి. సాధారణ మోటారు సైకిల్‌కు 7 సెకన్లు, పెద్దదానికి 10 సెకన్లు తగ్గకుండా పట్టాలి. అంతకంటే త్వరగా దాటితే మార్కులు పోతాయి. తొందరపడినవారికి మార్కులు తగ్గించే పరీక్ష ఎంత చక్కని ఆలోచన!

మన రవాణా శాఖ కార్యాలయాల్లో ‘ఎనిమిది’ అంకె ట్రాక్ ఉద్దేశమూ ఇటువంటిదే. కుడి, ఎడమ మలుపులను సక్రమంగా తిప్పగలగడం కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 15వ నియమం కోరే అర్హతలలో ఒకటి. అయితే పరీక్ష రోజున తేలికైన స్కూటరును అరువు తెచ్చుకుని ఎనిమిది వేసి, మరునాటి నుంచి బరువైన మోటారు సైకిల్ నడిపేవారు ఎందరో ఉన్నారు. ఈ వ్యాసకర్త కూడా ముప్పయ్యేళ్ల క్రితం ఆ ట్రాక్‌పై కాలు మోపకుండా బయటపడి, మళ్లీ ఎన్నడూ ఎనిమిది జోలికి వెళ్లనివాడే. ఇటీవల బడి మైదానంలో ప్రయత్నిస్తే రెండో వంపులోనే కాలు నేలను తాకింది.

సాధనకు ఖర్చేమీ లేదు. సెలవు రోజున ఖాళీ మైదానం, నాలుగు ఖాళీ నీళ్ల సీసాలు చాలు. మొదటి గేరులో క్లచ్‌ను పూర్తిగా వదలకుండా, పూర్తిగా పట్టకుండా సగంలో నిలిపి, యాక్సిలరేటరును కదలనీయకుండా ఉంచి, వెనుక బ్రేకును లీలగా తొక్కుతూ వేగాన్ని అదుపు చేయాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోరాదు, పోతే వాహనం అక్కడికక్కడే పడిపోతుంది. చూపు ముందు చక్రంపై కాక, వెళ్లవలసిన చోట ఉండాలి. వెనక్కు తిరగాలంటే తలను భుజం మీదుగా పూర్తిగా తిప్పాలి. వేగంలో వాహనంతో పాటు ఒరిగే శరీరం, నెమ్మదిలో మాత్రం వాహనాన్ని ఒరగనిచ్చి తాను నిటారుగా ఉండాలి. తిన్నగా సాగే నెమ్మది నడక, తర్వాత ఎనిమిది, ఆపై రెండు వరుసల రోడ్డు వెడల్పులో, అంటే సుమారు 7 మీటర్లలో, వెనక్కు తిరగడం – ఈ క్రమంలో సాధన చేస్తే క్లచ్ మీద చేతికి పట్టు చిక్కుతుంది. ఆ పట్టే రద్దీ సంతలోనూ, ఘాట్ మలుపులోనూ అక్కరకు వస్తుంది.

వెనుక ఒక మనిషి కూర్చుంటే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. బరువు వెనక్కు జరిగి ముందు చక్రం తేలికపడుతుంది, ఆపడానికి మరింత దూరం పడుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 128వ సెక్షన్ చోదకునితో పాటు ఒక్కరినే అనుమతిస్తున్నది. నాలుగేళ్లలోపు చిన్నారిని కూర్చోబెట్టుకుంటే హెల్మెట్, రక్షణ పట్టీ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదనీ కేంద్రం 2022లో నియమాన్ని ప్రకటించింది. భార్యాపిల్లలతో పండుగకు బయలుదేరే ఉద్యోగి ఒంటరిగా వెళ్లే వేగంతోనే మలుపు తిరగబోవడం నిత్యం చూస్తున్నదే.

ఈ దృష్ట్యా ప్రమాద స్థలానికి వెళ్లే విలేకరులు, అధికారులు కొన్ని వివరాలు నమోదు చేయడం ఉపయుక్తం. బ్రేకు గుర్తులు మలుపుకు ముందున్నాయా, మలుపు మధ్యలోనా? అవి ఒక చక్రానివా, రెండింటివా? అంచున ఇసుక, కంకర, చమురు ఉన్నాయా? వాహనంపై ఎందరున్నారు? అదే మలుపులో ఇంతకు మునుపు ఎన్ని ప్రమాదాలు జరిగాయి? గుర్తులు మలుపు మధ్యలో ఉంటే అది శిక్షణ లోపాన్ని, ఒకే చోట పదే పదే జరిగితే అది రోడ్డు లోపాన్ని సూచించవచ్చు. పడిపోయిన వాహనాన్ని లేపి పక్కన నిలబెట్టకముందే గేరు ఏ స్థానంలో ఉన్నదో కూడా చూసి రాసుకోవాలి. ఒకసారి పక్కకు నెట్టుకుపోయాక ఆ ఆనవాలు మిగలదు.