మూడు గంటల మందు

ఆసుపత్రిలో గదులన్నీ ఒక తీరున వుండవు. జ్వరానికో దగ్గుకో వెళ్ళినవారు డాక్టరుగారితో నాలుగు మాటలు మాట్లాడవచ్చు. మందు పనిచేయకపోతే వారం పోయాక మళ్ళీ వెళ్ళి మార్పించుకోవచ్చు. అత్యవసర విభాగం గడప దాటితే ఆ సావకాశం వుండదు. రోగి మాట్లాడే స్థితిలో వుండడు. వెంట వచ్చినవారు కళ్ళ నీళ్ళతో నిలబడి వుంటారు. డాక్టరుకు ఆలోచించుకోవడానికి నిమిషాలే గడువు. ఆ కాస్త వ్యవధిలో ఆయన ఏదో ఒక మందు ఎక్కిస్తాడు. మనం దేవుడి మీద భారం వేసి బయట బల్లమీద కూర్చుంటాం.

ఆ మందు మేలు చేస్తుందని ఆయనకు ఎలా తెలుసు?

"పుస్తకాలలో వుంది కదా!" అంటాం. పుస్తకం వ్రాసినవారికి ఎలా తెలిసింది? "వెనకటివారు వాడి చూశారు కదా!" అంటాం. చిక్కంతా ఇక్కడే వున్నది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి మందు ఇచ్చిన తర్వాత బ్రతికితే మందు వల్ల బ్రతికాడని అనుకుంటాం. పోతే ఆయువు తీరిందని అనుకుంటాం. ఈ లెక్కన ఏ మందూ ఎన్నడూ ఓడిపోదు!

ముప్ఫై యేళ్ళ నమ్మకం

తలకు పెద్ద దెబ్బ తగిలితే మెదడు వాస్తుంది. కపాలం ఎముక సాగదు కనుక ఆ వాపు ప్రాణాంతకమవుతుంది. వాపులను తగ్గించడంలో స్టెరాయిడ్లనే మందులకు పెట్టింది పేరు. కాబట్టి తలకు దెబ్బ తగిలినవారికి స్టెరాయిడ్లు ఇస్తే వాపు తగ్గాలి, వాపు తగ్గితే మనిషి దక్కాలి. ఈ తర్కంలో వంక పెట్టడానికి ఏముంది? ముప్ఫై యేళ్ళకు పైగా ఎన్నో దేశాల ఆసుపత్రులలో ఈ మందును వాడుతూనే వచ్చారు.

చివరకు లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ కేంద్రంగా "క్రాష్" అనే పేరుతో ఒక పెద్ద పరీక్ష జరిగింది. తలకు దెబ్బ తగిలిన 10,008 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి స్టెరాయిడు ఇచ్చారు. రెండో భాగానికి చూడడానికి అదే మాదిరిగా వుండే మందులేని సూది ఇచ్చారు. మిగతా వైద్యం అందరికీ సమానమే. ఫలితాలు 2004లో "లాన్సెట్" వైద్య పత్రికలో వెలువడ్డాయి. రెండు వారాలలో మందు లేనివారిలో నూటికి 17.9 మంది చనిపోతే, మందు పడినవారిలో 21.1 మంది చనిపోయారు. అంటే మేలు చేస్తుందనుకున్న మందు నూటికి ముగ్గురిని అదనంగా పొట్టన పెట్టుకుంటున్నది. 20,000 మందితో జరగవలసిన పరీక్షను అక్కడితో ఆపివేశారు.

అన్నేళ్ళూ ఆ మందు ఇచ్చిన డాక్టర్లలో చెడ్డవారు ఎవరూ లేరు. అందరూ రోగి బ్రతకాలనే ఇచ్చారు. పక్కపక్కన పెట్టి లెక్క చూసే ఏర్పాటు ఒక్కటే లోపించింది.

బొమ్మా? బొరుసా?

రెండు భాగాలు చేయడమంటే ఎవరిని ఎటు వెయ్యాలి? డాక్టరు ఇష్టానికి వదిలితే, ఆశ వున్నవాడికి ఒక మందూ ఆశ లేనివాడికి ఇంకొకటీ ఇస్తాడు. చెరువు కింది మాగాణిలో కొత్త ఎరువూ, మెట్ట చేలో పాత ఎరువూ వేసి, పంట కొలిచి కొత్త ఎరువే గొప్పదంటే మన రైతు ఒప్పుకుంటాడా? నేల బలాన్ని ఎరువు ఖాతాలో వ్రాశావంటాడు. నిజానికి ఈ పద్ధతికి పుట్టినిల్లు పొలమే. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రొనాల్డ్ ఫిషర్, 1920లలో ఏ మడికి ఏ ఎరువు వెయ్యాలో చీటీలు తీసినట్టుగా నిర్ణయించాలని సూత్రం చెప్పాడు. క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు 1948లో వెలువడడంతో ఆ సూత్రం వైద్యంలో స్థిరపడింది.

"పోయే ప్రాణంతో బొమ్మా బొరుసా ఆడతారా?" అని ఎవరికైనా కోపం వస్తుంది. న్యాయమైన కోపమే. అందుకే దీనికి కట్టుబాట్లు వున్నాయి. రెండింటిలో ఏది మేలో నిజంగా ఎవరికీ తెలియనప్పుడే ఇటువంటి పరీక్షకు అనుమతి దొరుకుతుంది. రక్తం ఎక్కించడం, శస్త్రచికిత్స వంటి తెలిసిన వైద్యాన్ని ఎవరికీ తగ్గించకూడదు. ప్రతి పరీక్షనూ ముందుగా ఒక నైతిక సంఘం తూచి చూస్తుంది. జరుగుతున్నప్పుడు వేరే నిపుణులు లెక్కలు గమనిస్తూ, కీడు కనిపిస్తే ఆపిస్తారు. రోగికి స్పృహ లేకపోతే బంధువుల సమ్మతి అడుగుతారు. బంధువులు కూడా దగ్గర లేని సందర్భాలకు కొన్ని దేశాలలో ప్రత్యేక నియమాలున్నాయి. సంఘం అనుమతితో వైద్యం మొదలుపెట్టి, రోగి తేరుకున్నాక అతనికి చెప్పి సమ్మతి తీసుకుంటారు.

వీపున బిడ్డ, ముందర గాజు గొట్టాలు

ఇప్పుడు ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన కథ ఒకటి చెప్పాలి. అది జపానులో మొదలవుతుంది.

ఉటాకో ఒకమోటో 1918లో పుట్టింది. ఆడవాళ్ళు డాక్టర్లు కావడమే అరుదైన ఆ రోజులలో వైద్యం చదివి, భర్త షోసుకే ఒకమోటోతో కలిసి పరిశోధనకు దిగింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత దేశంలో అన్నిటికీ కరువే. రక్తం మీద పరిశోధన అయితే, సరుకు చాలకపోయినా తమ ఒంటి రక్తమే వాడుకోవచ్చు గదా అని ఆ దంపతులు ఆ విషయాన్ని ఎంచుకున్నారట. చంటిబిడ్డను చూసుకునే దిక్కు లేక ఆమె కూతురిని వీపున కట్టుకుని ప్రయోగశాలలో పని చేసేది. ప్రసవ సమయంలో నెత్తురు ఆగక తల్లులు చనిపోవడాన్ని ఆపాలన్నది ఆమె పట్టుదల.

గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టడం అంటే సన్నని దారాలతో ఒక వల అల్లుకోవడం. ఆ దారాల పేరు ఫైబ్రిన్. పని అయిపోయాక ఆ వలను తెంపివేయడానికి శరీరంలోనే ప్లాస్మిన్ అనే కత్తెర వున్నది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు గాయం మూతపడక ముందే ఆ కత్తెర తొందరపడి వలను కోసివేస్తుంది. నెత్తురు మళ్ళీ పారుతుంది. ఆ కత్తెర వలను పట్టుకునే చోటు లైసిన్ వంటి పదార్థాలకు చిక్కుతుందని ఒకమోటో దంపతులు గ్రహించారు. లైసిన్ అంటే మనం తినే పప్పులలో పుష్కలంగా వుండేదే. దానిని మార్చి మార్చి చూస్తూ, చివరకు ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందును తయారుచేసి 1962లో ప్రకటించారు. అది కత్తెర మొనకు తొడుగు తొడిగినట్టు పని చేస్తుంది. వల నిలుస్తుంది.

ఇంత చేసినా, దానిని ప్రసవాలలో పరీక్షించి చూడమంటే అక్కడి డాక్టర్లను ఆమె ఒప్పించలేకపోయింది. అధిక ఋతుస్రావానికీ, రక్తం గడ్డకట్టని జబ్బు వున్నవారికి పన్ను తీసేటప్పుడూ, కొన్ని ఆపరేషన్లలోనూ ఆ మందు వాడుకలోకి వచ్చింది. ప్రమాదంలో నెత్తురు పోతున్నవాడికి అది పనికి వస్తుందో రాదో దాదాపు అర్ధశతాబ్దం పాటు ఎవరూ గట్టిగా అడిగి చూడలేదు.

274 ఆసుపత్రులు

అడిగినది మళ్ళీ ఆ లండన్ బృందమే. ఇయాన్ రాబర్ట్స్, హలీమా షకూర్ మొదలైనవారు "క్రాష్-2" పరీక్ష నడిపారు. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది క్షతగాత్రులు. మన భారతదేశపు ఆసుపత్రులు కూడా ఇందులో వున్నాయి. నంబర్లు వేసిన పొట్లాలలో కొన్నిటిలో మందు, కొన్నిటిలో ఉత్తి ఉప్పునీరు. ఏది ఏదో డాక్టరుకు తెలియదు, నర్సుకూ తెలియదు. పది నిమిషాలలో ఒక గ్రాము, తరువాత ఎనిమిది గంటలపాటు ఇంకొక గ్రాము ఎక్కించడం, అంతే వైద్యం.

2010లో ఫలితం వచ్చింది. ఉప్పునీరు ఎక్కినవారిలో నూటికి 16 మంది పోతే, మందు ఎక్కినవారిలో 14.5 మంది పోయారు. "నూటికి ఒకటిన్నరేనా!" అనిపించవచ్చు. వెయ్యిమందిలో పదిహేనుమంది అని చెప్పుకుంటే దాని విలువ తెలుస్తుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో పోయినవారే ఒక లక్షా 68 వేలకు పైబడి వున్నారు. వారందరూ నెత్తురు పోయి మరణించినవారు కారు. అయినా అందులో కొద్ది భాగం దక్కినా ఎన్ని ఇళ్ళలో దీపం నిలుస్తుందో లెక్క వేసుకోవచ్చు. పైగా మందు చౌక. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రమాదబాధితులకు అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

అసలు పాఠం అదే సంవత్సరం బయటపడింది. మందు ఎప్పుడు ఇచ్చారో గంటల వారీగా విడదీసి చూశారు. దెబ్బ తగిలిన గంటలోపల ఇస్తే, నెత్తురు పోయి చనిపోయినవారు నూటికి 7.7 నుంచి 5.3కు తగ్గారు. ఒకటి నుంచి మూడు గంటలలోపల ఇస్తే 6.1 నుంచి 4.8కు తగ్గారు. మూడు గంటలు దాటాక ఇస్తే తగ్గకపోగా 3.1 నుంచి 4.4కు పెరిగారు! అదే మందు, అదే మోతాదు. మారినదల్లా గడియారంలో ముల్లు. "ఆలస్యం అమృతం విషం" అని మన పెద్దలు పెళ్ళి ముహూర్తాలకూ పొలం పనులకూ వాడిన సామెత, ఇక్కడ అక్షరాలా నిజమై కూర్చున్నది.

పురిటి మంచం దగ్గర

ఒకమోటో కోరిక మాత్రం ఇంకా మిగిలివుంది. ఆ బృందమే 2010లో "వుమన్" అనే పరీక్ష మొదలుపెట్టింది. 21 దేశాలలో, ప్రసవమయ్యాక నెత్తురు ఆగని 20,060 మంది తల్లులు ఇందులో చేరారు. మూడు గంటలలోపల మందు అందినవారిలో రక్తస్రావంతో పోయినవారు నూటికి 1.7 నుంచి 1.2కు తగ్గారని 2017లో తేలింది. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు గంటలలోపల ఈ మందు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ వార్త వినడానికి ఉటాకో ఒకమోటో లేదు. అంతకు ముందటి యేడు, 98వ యేట ఆమె కన్నుమూసింది.

మరి ఇంత మంచి మందును నెత్తురు పోకముందే ఇస్తే? రక్తహీనత వున్న తల్లులకు ముందుగానే ఇచ్చి చూశారు. అలా ఇవ్వడం వల్ల రక్తస్రావం తగ్గలేదని 2023లో తేలింది. సొంత మందు మీద కూడా మమకారం పెట్టుకోకుండా, పనికిరాని చోట పనికిరాదని చెప్పగలగడమే ఈ పద్ధతిలోని నిజాయితీ.

మన వంతు

ఈ మందు ఇంట్లో దాచుకునేది కాదు, మనంతట మనం వేసుకునేదీ కాదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కూడదో డాక్టరే చెప్పాలి. మన చేతిలో వున్నది కాలం. నెత్తురు పోతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం, వెంటనే 108కి ఫోను చేయడం మన పని. ఆ 108 సేవ దేశంలో మొదట మన హైదరాబాదులోనే 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. దెబ్బ ఎన్ని గంటలకు తగిలిందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెబితే అది సగం వైద్యం. దారిన పోయేవారు సహాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడనక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టం సవరణ, సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పించాయి.

ఇక ప్రసవం మాట. "పురిట్లో ఆ మాత్రం నెత్తురు పోవడం మామూలే" అని ఇళ్ళలో పెద్దవాళ్ళు అనడం కద్దు. కొంత పోవడం మామూలే. గుడ్డలు వెంటవెంటనే తడిసిపోతున్నా, తల్లికి కళ్ళు తిరుగుతున్నా, ఒళ్ళు చల్లబడుతున్నా అది మామూలు కాదు. తెల్లవారాక చూద్దామనుకుంటే మూడు గంటలు మంచం పక్కనే గడిచిపోతాయి.

రేపు మన ఇంటివారిలో ఒకరికి ఆపద వచ్చి, ఆసుపత్రిలో "పరిశోధనలో చేర్చుకోవడానికి సమ్మతేనా?" అని ఒక కాగితం చేతికి ఇవ్వవచ్చు. మనవాడిని ప్రయోగాలకు అప్పగించేదేమిటని గుండె ఝల్లుమనడం సహజం. వద్దనే హక్కు మనకు పూర్తిగా వున్నది. వద్దన్నందుకు వైద్యం తగ్గించకూడదు. అయితే వద్దనేముందు రెండు మాటలు అడగవచ్చు: "ఏ మందు మేలో మీకు నిజంగా తెలియదా? చేరినా చేరకపోయినా మామూలుగా జరగవలసిన వైద్యం అంతా జరుగుతుందా?" ఈ రెండింటికీ తిన్నని సమాధానం వస్తే, ఆ కాగితం అంత భయపడవలసినది కాదు.

క్రాష్-2లో చేరిన 20,211 మందిలో ఇంచుమించు సగం మందికి ఎక్కినది ఉప్పునీరే. మందు పడినవారి లెక్కను వారి లెక్క పక్కన పెట్టి చూశారు గనుకనే మందు విలువ తెలిసింది. ఈ రోజు ఏ ఊరి ఆసుపత్రిలోనైనా గాయపడిన మనిషికి వేళకు ఆ సూది పడితే, అందులో వారి వంతు కూడా వున్నది.