మార్కు అదే, నాణ్యం వేరు

జగ్గయ్యపేట (మా వాణిజ్య విలేకరి): మిర్చి టిక్కీ, పత్తి బేలుపై మార్కును నమ్మి బేరం కుదుర్చుకునే జగ్గయ్యపేట, నందిగామ వర్తకులకు అమెరికా తుపాకుల కంపెనీ ఒకదాని అనుభవం గమనించదగినది.

1870లో కనెక్టికట్ రాష్ట్రంలో నెలకొన్న మార్లిన్ కంపెనీ వేట రైఫిళ్లకు పేరుగాంచింది. దానిని కొనుగోలు చేస్తున్నట్లు 2007 డిసెంబరులో రెమింగ్టన్ కంపెనీ ప్రకటించింది. 2010లో నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూసివేత నిర్ణయం వెలువడింది. 265 మందికి పని పోయింది. తయారీ ఇతర రాష్ట్రాలకు మారింది. యంత్రాలు తరలివెళ్లాయి గాని, వాటి పోకడ తెలిసిన పనివారిలో ఎక్కువమంది వెనుకే మిగిలారు.

దాంతో సరకు నాణ్యం దిగజారింది. గురి చూసే ముక్క పక్కకు ఒరగటం, చెక్కకూ ఇనుముకూ మధ్య సందు, తూటా ఇరుక్కోవటం వంటి ఫిర్యాదులు వచ్చాయి. కొనుగోలుదారులు "జె.ఎం." ముద్ర గల పాత రైఫిళ్లకే ఎక్కువ ధర పెట్టసాగారు. 2020లో రెమింగ్టన్ దివాలా తీయగా, మార్లిన్‌ను సుమారు 3 కోట్ల డాలర్లకు రూగర్ కంపెనీ కొన్నది. 2021 డిసెంబరులో కొత్త సరకు విడుదలైంది.

తాలుకాయ ఏరే కూలీలను తగ్గించి, పాత మార్కుతోనే సరకు పంపితే ఆ సీజనుకు ఖర్చు కలిసివస్తుంది. మరుసటి సీజనులో కొనుగోలుదారు ప్రతి టిక్కీ విప్పించి చూశాకే ధర చెబుతాడు. అప్పుడు తెగ్గోసే ధర, మిగిలిన కూలికంటే ఎక్కువే అవుతుంది.