గుండె తలుపు పాడైతే కొత్తది పెట్టేయొచ్చు కదా?

లబ్ డబ్! గుండెలో కవాటాలు మూసుకునే చప్పుడది. కవాటమంటే రక్తాన్ని ముందుకే పోనిచ్చే తలుపు. కొందరు పిల్లలకి పుట్టుకతోనే దాని రెక్కలు అతుక్కుని ఉంటాయి, లేదా సరిగా మూసుకోవు.

కొత్తది పెట్టొచ్చు. కానీ పిల్లలతోపాటు గుండె పెరుగుతుంది, లోహపు కవాటం పెరగదు. పోయినేడాది చెప్పుల్లా ఇరుకైపోతుంది. పైగా రక్తం గడ్డకట్టకుండా రోజూ మందు వేసుకోవాలి. పరుగెత్తి మోకాళ్లు కొట్టుకునే వయసులో అదెంత కష్టం! అందుకే డాక్టర్లు వీలైనంతవరకు ఉన్నదాన్నే బాగుచేస్తారు. యంత్రం ఒంట్లో రక్తాన్ని తిప్పుతుంటే, ఆగిన గుండెలో, మిల్లీమీటరు మందం కూడా లేని రెక్కని సన్నటి దారంతో కుడతారు. అతుకు వేయాల్సి వస్తే గుండె చుట్టూ ఉన్న పొరలోంచే చిన్న ముక్క తీసుకుంటారు.

1967లో లండన్ డాక్టరు డొనాల్డ్ రాస్ మరో దారి చూపారు: గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే బృహద్ధమని కవాటం పాడైతే దాన్ని తీసేసి, అక్కడ అదే మనిషి పుపుస ధమని (ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే నాళం) కవాటం కుట్టడం. పిల్లల్లో అది వాళ్లతోపాటే పెరుగుతుంది.