సగం కీలు

2024 ఎన్నికలకు స్టేషన్లో జమచేసిన తుపాకిని మా మేనమామ జూన్‌లో ఇంటికి తెచ్చుకున్నాడు. చుట్టూ వేరుశనగ చేలు, నడుమ ఒంటిల్లు. దాని రక్షణకు లైసెన్సు మీద కొన్న తుపాకి అది. ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే ఓవర్-అండర్ రకం, అందులోనూ చవకైనది. మడత విప్పి, రెండు గొట్టాల్లోంచి వెలుతురు చూసి, తూటాలు లేవని నిశ్చయించుకున్నాక నా ముందు పెట్టాడు. గొట్టాల కింద ఎడమచేత్తో పట్టుకునే ముందు చెక్కను, అంటే ఫోరెండ్‌ను, కాస్త కదిపాను. టక్ టక్.

“ఊగులాడతాంది చూడప్పా. పట్టుకునే చెక్కే గదా, గుడ్డపేలిక దూర్చి బిగిస్తే సాలదా?” అన్నాడు మామ.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఆ వారం క్లాసులో కీళ్ల గురించి చెబుతూ ఈ తుపాకి బొమ్మ గీస్తే, వెనక బెంచీ కుర్రాడు అడిగాడు: “తలుపు ఊడదీయాలంటే కీలు చీల తీయాల్సిందే. ఇక్కడ చీల తీయకుండానే గొట్టాలు ఊడొస్తాయి. ఎట్లా సార్?”

ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబులోనే మామ ప్రశ్నకూ జవాబుంది. తలుపు కీలులో చీల చుట్టూ పూర్తి కడియం ఉంటుంది. తుపాకి గొట్టాల అడుగున ఉన్నది సగం కడియం మాత్రమే, ముందువైపు అర్ధచంద్రంలా కోసిన కొక్కెం. అది చీలను వెనకనుంచి ఆనుకుంటుంది. రెండో సగం ముందు చెక్కలో ఉంది. చెక్కలో పొదిగిన ఇనుప ముక్క వంపు, తుపాకి దేహపు గుండ్రటి ముక్కును ముందునుంచి అదుముతుంది. చెక్క అడుగునున్న లాచ్ గొట్టానికి అతికిన ఇంకో కొక్కాన్ని పట్టుకుంటే రెండు సగాలూ కలిసి కీలు పూర్తవుతుంది. లాచ్ విప్పి చెక్క తీసేస్తే కీలు మళ్లీ సగమే, గొట్టాలు చేతిలోకొచ్చేస్తాయి. మామ వదులైందన్నది పిడి కాదు, సగం కీలు.

ఈ చెక్కకు ఇంకో పని అప్పగించినవాళ్లంటే నాకు ప్రాణం. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసిన విలియం ఆన్సన్, జాన్ డీలీ. అప్పటిదాకా సాధారణంగా తుపాకి బయట రెండు సుత్తులుండేవి, కాల్చేముందు ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో వెనక్కి లాగాలి. 1875లో ఈ ఇద్దరూ సుత్తుల్ని దేహం లోపలికి చేర్చారు. మరి వాటిని లాగేదెవరు? తూటాలు మార్చడానికి మనిషి ఎలాగూ గొట్టాలను కిందికి వంచుతాడు. ఆ బలాన్నే వాడుకుందామనుకున్నారు. సుత్తుల కిందనుంచి రెండు మీటలు బయల్దేరి, కీలు దాటి, వాటి కొసలు ముందు చెక్క ఇనుములోకి దూరుతాయి. గొట్టాలతోపాటు చెక్క వంగుతూ ఆ కొసల్ని కిందికి నొక్కుతుంది. తూగుడుబల్లలా అవతలి కొసలు లేచి సుత్తుల్ని వెనక్కి తోస్తాయి, స్ప్రింగులు బిగుసుకుంటాయి. గొట్టాల పొడవంతా అక్కడ మీట చేయి కాబట్టి గట్టి స్ప్రింగు కూడా సునాయాసంగా లొంగుతుంది. అదే చెక్క వదులైతే ఆ ఖాళీ పూడేదాకా మీటలు కదలవు. మామ తన తుపాకిని ఇంకాస్త వంచితేగానీ లోపల టిక్కుమనడంలేదన్నాడు. కారణమిదే.

వదులు తనంతట పెరుగుతుంది కూడా. మామది 12 బోర్ తుపాకి. 12 బోర్ అంటే పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం రంధ్రం అంత. లెక్కేస్తే సుమారు 18.5 మిల్లీమీటర్లు. మామూలు తూటాకు అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 740 బార్. ఆ రంధ్రం వైశాల్యంతో గుణిస్తే సుమారు రెండు టన్నుల బరువంత తోపు. దాన్ని మోసేవి చీల, వెనక గడియ. ముందు చెక్క మోయదు. కాని తుపాకి వెనక్కి తన్నినప్పుడు చెక్క జడత్వంతో ఉన్నచోటే ఉండబోయి లాచ్‌ను ముందుకు గుంజుతుంది. ఖాళీ ఉంటే ఆ గుంజుడు దెబ్బగా మారుతుంది. ప్రతి తూటాకూ ఒక సుత్తిదెబ్బ.

మరి మొదటి ఖాళీ ఎక్కడిది? మన గాలిది. అనంతపురం ఎండల్లో చెక్క తనలోని తేమను వదిలేస్తుంది. తేమ పోతే చెక్క నారవెంట దాదాపు కుదించుకోదు, అడ్డంగా కుదించుకుంటుంది. వాల్‌నట్ చెక్కలో తేమ నాలుగు శాతం తగ్గితే అడ్డంగా ఒక శాతం దాకా తగ్గుతుంది. నలభై మిల్లీమీటర్ల చెక్కకు అది 0.4 మిల్లీమీటరు. ఇనుము కుదించుకోదు గనుక దాన్ని బిగించిన మరల కింద అంత ఖాళీ. వేసవిలో ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వదులైనట్టే.

“అయితే పార కామ మాదిరి నీళ్లలో నానేద్దాం” అన్నాడు మామ. నానితే ఉబ్బుతుంది, నిజమే. కాని ఇనుము అడ్డుపడటంతో ఉబ్బే చెక్క నార నలిగిపోతుంది. మళ్లీ ఎండాక మునుపటికన్నా చిన్నదవుతుంది. నానేసిన ప్రతి కామా ఏడాదికేడాది ఇంకా వదులవడం అందుకే.

లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు చెక్క ఊడదీసి, తుపాకి మూసి, మడమ పట్టుకుని చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. చీల అరగలేదన్నమాట. అక్కడ చప్పుడొచ్చుంటే ఖర్చు వేరేగా ఉండేది. తర్వాత ఆముదపు దీపం మీద ఇనుప ముక్కకు మసి పట్టించి చెక్కలో అదిమి తీశాడు. గూడు నిండా నల్లబడాల్సింది, రెండు అంచుల్లోనే గీతల్లా మసి అంటింది. మిగతాదంతా గాలి. ఇనుముకు మైనం పూసి, గూట్లో పల్చగా ఎపాక్సీ వేసి, రెండూ కలిపి ఒక రోజు వదిలేశాడు. మైనం వల్ల ఇనుము అతుక్కోలేదు, దాని అచ్చు మాత్రం చెక్కలో మిగిలింది. మరలు బిగించి మళ్లీ మసి పెట్టి చూస్తే ఈసారి గూడంతా నలుపే. ఆకురాయి అసలు ముట్టలేదు. గీకితే ఖాళీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ తన చివరి తుపాకిగా ఓవర్-అండర్‌నే ఎంచుకున్నాడు. 1926లో ఆయన బెల్జియంలో కన్నుమూస్తే కొడుకు వాల్ ఆ పని పూర్తిచేశాడు. 1931 నుంచి అమ్మకానికొచ్చిన ఆ సూపర్‌పోజ్డ్‌లో ముందు చెక్క ఊడిరాదు, గొట్టాల మీదే ముందుకు జరుగుతుంది. అంత పనితనం ఖరీదైనది. చవక తుపాకులు ఊడే చెక్కకే కట్టుబడ్డాయి, వాటి లాచ్ మీద భారమూ అలాగే ఉంది.

ఇంటికొచ్చాక మామ ఖాళీ తుపాకిని ఎప్పటికన్నా తక్కువగా వంచాడు. టిక్. మళ్లీ మూసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏమీ వినబడలేదు. దూర్చాలని తెచ్చిన గుడ్డపేలికతో గొట్టాల దుమ్ము తుడిచి పెట్టెలో పెట్టాడు.